చెఱసాల లేని శిక్ష

మా యింటి వెనుక బోరుబావి యొద్ద ఆరుబయట నుంచిన రాగితీగచుట్ట యొక రాత్రి పోయినది. దాని వెల మూడువేల రెండువందల రూపాయలని పోలీసువారు కట్టిరి. తీగ దొరకినది, తీసినవాడు దొరకెను, న్యాయస్థానము తీర్పు చెప్పెను. లోకుల దృష్టిలో కథ యంతటితో ముగిసినది. మాకు మాత్రము ముగియలేదు. ఆ ముగియని భాగమును చదువరుల యెదుట నుంచుటకు మేము చాలకాలము సంకోచించితిమి. ఏలయన, ఇందు మాకు గౌరవము తెచ్చునది యేమియు లేదు.

మేముండునది తూంకుంటలో. సికిందరాబాదు నుండి అల్వాలు, బొలారము, హకీంపేట దాటి కరీంనగరము వైపు సాగు రాజీవ్ రహదారిమీద నున్న యీ యూరు 2018లో పురపాలక సంఘమైనది. ఒకప్పుడు పైరులు పండిన నేలలు నేడు ప్లాట్లు. ప్లాటున కొక ప్రహరీ, ప్రహరీ కొక యినుప గేటు. దారి పొడుగునను ఫంక్షను హాళ్లు. పెండ్లి ముహూర్తముల దినములలో అర్ధరాత్రి దాటినను అచటి దీపము లాఱవు. ఇంకను ముందునకు పోయినచో శామీరుపేట పెద్దచెఱువు. పట్టణపు సందడి పడలేక యిచటికి వచ్చితిమని మావంటివారు చెప్పుకొందురు. నిజమునకు పట్టణమును వెంటబెట్టుకొనియే వచ్చితిమి. గోడలు కట్టుటకు, గోతులు త్రవ్వుటకు, చెట్లు నాటుటకు మాకు కూలివాండ్రు కావలయును. పని ముగిసిన పిమ్మట వారి పేరులు మాకు జ్ఞాపకముండవు.

తీగ తీసినవాని పేరు మాత్రము జ్ఞాపకమున్నది, ఇచట వ్రాయము. ఇరువదేండ్లవాడు. తండ్రి లేడు. తల్లి ఫంక్షను హాళ్లలో గిన్నెలు తోమును. వాడు అంతకు నెలదినముల ముందు మా ప్రహరీ పనిలో మేస్త్రికి చేదోడుగ నుండి, పని మాని పోయినవాడు. అందువలననే మాకు కోపము హెచ్చినది. "మన యన్నము తిన్నవాడే యింతపని చేసెను" అని మేమంటిమి. "మన మెన్నడు పెట్టితిమి?" అని మా గృహిణి లోపలినుండి యనెను. ఆ మాట మే మప్పుడు లెక్క సేయలేదు.

ఫిర్యాదు వ్రాసి యిచ్చితిమి. రెండవనాడే పాత యినుప సామానుల దుకాణములో తీగ దొరకెను. వాడు కాదనలేదు. పోలీసు స్టేషనులో మమ్ము చూచి తల వంచుకొని, "గల్తి అయింది సారు" అని మాత్రమనెను. వాడు చెఱసాలకు పోవునని మేమనుకొంటిమి, పోవలెననియు కోరితిమి. చదువరులు మమ్ము క్రూరులుగ నెంచవలదు. ప్రహరీ కట్టుకొన్న ప్రతివాడును ఇట్లే కోరును.

చెఱసాలకు పోడని మాకు చెప్పినవాడు వకీలు వృత్తిలోనున్న మా మిత్రుడు. 2024 జూలై 1వ తేదీన అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత తన నాలుగవ విభాగమున శిక్షలను లెక్కించుచు, మరణశిక్ష మొదలు జరిమానా వఱకు నైదు విధములు చెప్పి, ఆఱవదిగ సమాజసేవ యను క్రొత్త శిక్షను చేర్చినది. 1860 నాటి శిక్షాస్మృతిలో ఈ శిక్ష లేదు. ఐదువేల రూపాయలకు లోబడిన సొత్తును దొంగిలించి, మొదటిసారి నేరస్థుడుగ తేలి, ఆ సొత్తును గాని దాని వెలను గాని తిరిగి యిచ్చినవానికి ఇదియే శిక్ష. త్రాగి బహిరంగస్థలమున అల్లరి చేసినవానికి, పరులకు పరువునష్టము కలిగించినవానికి, మఱికొందఱికి గూడ దీనిని విధింపవచ్చును.

"అనగా వీథులూడ్చుటయా?" అని మేమడిగితిమి.

"న్యాయాధిపతి యేది చెప్పిన నది. సమాజమునకు మేలు కలిగించు పని, కూలి లేని పని, చట్టము చెప్పినది యింతియే" అని ఆయన యుత్తరము.

కూలి లేని పని. ఆ మాట మఱల మా చెవిని బడుటకు వారము పట్టలేదు.

ఒకనాటి మధ్యాహ్నము ముప్పదియైదేండ్ల స్త్రీ యొకతె గొడుగుతో మా గేటు తట్టెను. తాను ప్రొబేషను అధికారినని చెప్పెను. ముద్దాయికి ఇరువదియొక్క యేండ్లు నిండలేదు గనుక, 1958 నాటి నేరస్థుల ప్రొబేషను చట్టము ననుసరించి వాని నడవడిని, ఇంటి పరిస్థితులను విచారించి నివేదిక పంపుమని న్యాయస్థానము తన్ను కోరినదట. మా యింటికి వచ్చుటకు ముందే ఆమె వాని తల్లిని, తొమ్మిదవ తరగతిలో వాడు విడిచిన బడిని, మేస్త్రిని, వాడు సాయంకాలములు కూర్చుండు టీ దుకాణమును చూచి వచ్చియుండెను. పోలీసువారు మమ్ము తీగ యెప్పుడు పోయినదని యడిగియుండిరి. ఈమె వాడెప్పుడు పుట్టెనని మొదలిడి యడుగుచున్నట్లు మాకు తోచెను.

మంచినీళ్లు త్రాగి, మేము చెప్పిన తీగకథయంతయు నోపికతో విని, ఆమె నెమ్మదిగ నడిగెను: "మీ యొద్ద ఎన్నాళ్లు పనిచేసినాడండీ?"

"పదునాఱు దినములు."

"దినకూలి యెంత?"

"ఏడువందలు."

"ఎంత ముట్టినది?"

మాకు నోరు రాలేదు. జరిగినది యిది. మా ప్రహరీ ఒకచోట కొంచెము వంగినది. మేము మేస్త్రితో తగవుపడి, గోడ సరిచేయువఱకు దమ్మిడీ యీయమని పని నిలిపివేసితిమి. కూలివాండ్రు వచ్చి యడుగగా మేస్త్రి నడుగుడంటిమి, మేస్త్రి మమ్మడుగుడనెను. నాలుగుసార్లు తిరిగి వారు రాక మానిరి. పదునాఱు దినములకు 11,200 రూపాయలు. మొదట నిచ్చిన బయానా రెండువేలు. తక్కిన 9,200 మా యొద్దనే యుండెను. మేము వానిని మఱచితిమి. ఇట్టివి మఱచుటలో మావంటివారి జ్ఞాపకశక్తి మిక్కిలి నమ్మకమైనది.

"అది మేస్త్రి చూచుకొనవలసినది" అని మేమంటిమి.

ఆమె వాదింపలేదు. పుస్తకములో ఒక పంక్తి వ్రాసికొనెను. దానిని చూడవలెనని మేము మెడ చాచితిమి. ఆమె పుస్తకము మూసి, "నా నివేదిక న్యాయస్థానము కొఱకు, ఇతరులకు చూపరాదు" అనెను. చట్టపు ఏడవ విభాగము దానిని రహస్యముగ నుంచవలెనని చెప్పుచున్నదని తరువాత తెలిసికొంటిమి. ఆ పంక్తిలో నేమున్నదో మాకు నేటికిని తెలియదు.

వెళ్లుచు ఆమె మఱియొక మాట చెప్పెను. "కూలి రాలేదు గనుక తీసితినని ఆ అబ్బాయి నాతో చెప్పలేదండీ. తీగ అమ్మిన డబ్బులో సగము త్రాగినాడు. నే నదియు వ్రాసినాను." మమ్ము నొప్పింపక పోవలెనని ఆమె యట్లనెను గాబోలు. కాని ఆ రాత్రి మేము పడకమీద లెక్కవేయక మానలేదు. వాడు మావలన తీసినది 3,200. మేము వానివలన తీసినది 9,200. మొదటిది నేరమై పోలీసు పుస్తకమున కెక్కినది. రెండవదానికి పేరే లేదు.

నల్సార్ న్యాయవిశ్వవిద్యాలయము మా పొరుగున శామీరుపేటలోనే యున్నది. ఏండ్ల తరబడి దాని దారిని పోవుచు వచ్చుచు నుండియు, చట్టమనగా మాకు పోలీసువాడును చెఱసాలయు మాత్రమే తలపునకు వచ్చుచుండెను. ఈమె పోయిన పిదప, గొడుగు పట్టుకొని యిల్లిల్లు తిరుగు ఈ యుద్యోగ మెచటిదని మేము చదువ మొదలిడితిమి.

దీనికి మూలపురుషుడు న్యాయవాది కాడు, చెప్పులు కుట్టువాడు. 1841లో అమెరికాలోని బోస్టను నగరమున జాన్ ఆగస్టస్ అను నాతడు న్యాయస్థానములో కూర్చుండగా త్రాగుబోతు నొకని తెచ్చిరి. ఆగస్టస్ వానితో మాటాడి, వానికి తాను పూచీపడి, యింటికి తోడ్కొని పోయెను. మూడువారములు తిరిగిన పిమ్మట వానిని మఱల న్యాయాధిపతి యెదుట నిలువబెట్టగా ఎవరును గుర్తింపలేకపోయిరట. న్యాయాధిపతి ఖర్చులు గాక ఒక్క సెంటు జరిమానా విధించి విడిచెను. అటుపిమ్మట ఆగస్టస్ తాను మరణించిన 1859వ సంవత్సరము వఱకు రమారమి రెండువేలమందికి పూచీపడెను. ఆయన కెవరును జీతమీయలేదు. ఆయన చనిపోయిన పందొమ్మిదేండ్లకు, 1878లో, మాసచూసెట్సు రాష్ట్రము జీతముగల ప్రొబేషను అధికారిని నియమించుటకు చట్టము చేసెను. ఇంగ్లండులో 1907 నాటి చట్టము ఈ యధికారుల ధర్మమును మూడుమాటలలో చెప్పినది: సలహా యిచ్చుట, సాయపడుట, స్నేహము చేయుట. మన 1958 నాటి చట్టపు పదునాలుగవ విభాగమున మొదటి రెండుమాటలు కలవు. మూడవది కానరాదు. దానిని శాసనముచే పుట్టింపలేమని మనవారు తలంచిరేమో.

చెన్నపట్టణపు రాజధానిలో 1936వ సంవత్సరపు చట్టముతోనే ఈ పద్ధతి వచ్చినది గాన, కోస్తా, రాయలసీమల ఆంధ్రులకు ఇది మాకంటె ముందు తెలిసినది. మా తూంకుంట నాడు నిజాము రాజ్యములోనిది; ఆ చట్టము మాదాక రాలేదు. 1958 చట్టమును గొప్పగ నర్థము చేసికొన్న న్యాయమూర్తులలో ఒకరు మన రాజమహేంద్రవరపువారు, కోకా సుబ్బారావుగారు. 1964లో పంజాబు నుండి పదునాఱేండ్ల బాలుని యప్పీలొకటి సుప్రీము కోర్టునకు వచ్చినది. వానికి శిక్ష పడిన నాటికి వాని ప్రాంతమున ఈ చట్టము అమలులోనికే రాలేదు. అయినను, శిక్షను తగ్గించి మనుష్యుని దిద్దుటకై చేసిన చట్టమును అప్పీలు దశలో గూడ వాని మేలునకు వినియోగింపవచ్చునని సుబ్బారావుగారు తీర్పు వ్రాసిరి. చిన్నవయసువాడు చెఱసాలలో ముదిరిన నేరగాండ్ర సహవాసమున చెడిపోకుండ కాపాడుటయే దీని యుద్దేశమని వారి వాదము.

సరి, మా కథకు వత్తము. తీర్పు వచ్చినది. ఇరువది దినములు, దినమునకు మూడు గంటలు, ఒక ప్రభుత్వాసుపత్రిలో శుభ్రముచేయు పని. మే మొకనాడు దానిని చూడబోయితిమి. వైద్యము కొఱకు కాదు, చూచుటకే పోయితిమి. ఇది గూడ ఒప్పుకొనవలసినదే.

పగలు పదకొండు గంటలు. బయటి రోగుల వసారా క్రిక్కిరిసి యున్నది. అతడు తడిగుడ్డ కట్టిన కఱ్ఱతో నేల తుడుచుచుండెను. తుడుచుట చేతకాక నీళ్లు రోగుల కాళ్లమీదికి పోవుచుండెను. ద్వారముకడ కావలివాడు "ఓ దొంగా, ఆ మూలగూడ చూడు" అని కేకవేసెను. ఆ మాటతో బల్లలమీది వారందఱును తమ సంచులను దగ్గఱకు లాగికొనిరి. ఒక కుఱ్ఱవాడు ఫోను పైకెత్తి చలనచిత్రము తీయసాగెను. అతడు ముఖము గోడవైపు త్రిప్పుకొని, తుడిచిన చోటనే మఱల మఱల తుడిచెను. వాని కేది చెప్పుటకును, ఆ ఫోనును దింపుమనుటకును అచట బాధ్యతగల మనిషి యొక్కడును లేడు. శిక్ష వేసిన న్యాయస్థానము దూరమున నున్నది. ఆసుపత్రివారికి రోగులే యెక్కువ. కొంతసేపటికి ఆసుపత్రిలో ఊడ్చు ముసలమ్మ యొకతె వచ్చి, అతని చేతిలోని కఱ్ఱ తీసికొని, గుడ్డ పిండి, వెనుకకు నడచుచు తుడువవలెనని చేసి చూపెను. "గట్ల కాదు బిడ్డా, గిట్ల" అనెను. మేము స్తంభము చాటున నిలిచి యిదంతయు చూచి, పలుకరింపక వచ్చితిమి.

నాలుగవనాడు అతడు పనికి పోలేదు. ఏల పోలేదని మేమప్పుడెఱుగము. తరువాత ఆ యధికారిణి వలన తెలిసినది. మొదటినాడు కాగితముమీద చేవ్రాలు పెట్టవలసిన యుద్యోగి సెలవులో నుండెను. ఆనాటి పని లెక్కలోనికి రాలేదు. మధ్యాహ్నపు మూడు గంటలు ఆసుపత్రిలో పోయినచో ఆనాటికి బయట కూలి దొరకదు. ఉదయమున కూలి యడ్డామీద నిలువనివానిని ఎవరును పిలువరు. శిక్ష ఇరువది దినములని కాగితము చెప్పినది. ఇంటికి వచ్చు సంపాదనయు ఆ యిరువది దినములే నిలిచినది. అదిగాక ఫోనులో తీసిన యా చిత్రము ఊరంతయు తిరిగినది. పనికి పోక మానినచో మఱల న్యాయస్థానము మెట్లెక్కవలసి వచ్చుననియు, అప్పుడు జరుగునది యింతకంటె చెడ్డదిగ నుండుననియు అతనికి చెప్పువారు లేరు.

న్యాయముగ చూచినచో ఆ యధికారిణి పని నివేదికతోనే ముగిసినది. ప్రొబేషనుమీద విడిచినవారిని కనిపెట్టి యుండుటయు, వారికి తగిన పని వెదకుటయు చట్టము ఆమెకు విధించినది. సమాజసేవ శిక్ష పడినవానిని గూర్చి అట్టి విధి యేదియు న్యాయ సంహితలో మాకు కానరాలేదు. ఎన్ని గంటలు పనిచేయింపవలెనో, ఎవరు దగ్గఱనుండి చూడవలెనో, ఎవరు తోడుండవలెనో ఆ సంహిత చెప్పదు. అయినను ఆమె యొక సాయంకాలము ఆ యింటికి పోయినది. ఏల పోయితిరని మేము తరువాత నడుగగా, "దారిలోనే గదండీ" అనెను. ఆమె కార్యాలయము నుండి ఆ యిల్లు ఏ దారిలోను లేదు.

ఆమె చేసినది పెద్దపనియు కాదు. ఆసుపత్రివారితో మాటాడి పనివేళను ఉదయము ఆఱింటినుండి తొమ్మిదింటికి మార్పించెను. ఆ వేళ జనము తక్కువ. పని ముగించి అడ్డాకు పోవుటకును వేళ మిగులును. చేవ్రాలు ఒక్కరే కాక ఇరువురిలో ఎవరైన పెట్టునట్లు ఒప్పించెను. కావలివానికి అతని పేరు చెప్పి, ఆ పేరుతోనే పిలువుమనెను. త్రాగుడు సంగతి తల్లి యెదుట నెత్తక, వేఱుగ పిలిచి మాటాడెను. ఇంతమాత్రమునకే అతడు తక్కిన దినములు నిండించెను. ఈ నాలుగుపనులలో న్యాయశాస్త్రము తెలియవలసినది ఒక్కటియు లేదు; కాని యెవరో యొకరు కాలినడకను పోయి చేయనిదే ఒక్కటియు జరుగదు.

శిక్షను జనుల మధ్య పెట్టుట క్రొత్తయని మనము మురియుచున్నాము గాని, మన పల్లెల కిది పాతదే. కులపెద్దలు కూడి తప్పు వేయుచుండిరి. తప్పు కట్టువఱకు నిప్పు, నీళ్లు ఆపి వెలివేయుచుండిరి. ఆ తీర్పులలోని యన్యాయము, ఆడువారియెడ, తక్కువవారియెడ చూపిన క్రౌర్యము మేము మఱచువారము కాము. ఆ పెద్దఱికము పోవుటయే మేలు. కాని అందొక్క సంగతి యుండెను. తప్పు కట్టినవాడు కులమునకు విందు పెట్టవలెను. పెద్దలు వాని పంక్తిని కూర్చుండి భుజింపవలెను. ఆనాటితో వాడు కలిసిపోయినట్లు. మఱునాడు వానిని ఆ మాట యనినవానిదే తప్పు. నేటి న్యాయస్థానపు కాగితమున శిక్ష మొదలగు దినము కలదు; జనులు వానిని మఱల కలుపుకొను దినము ఏ కాగితమునను లేదు.

కలుపుకొనక కనిపెట్టుట మాత్రము నేర్చిన ప్రభుత్వ మేమి చేయునో తెలుగుదేశమునకు తెలిసినట్లు మఱియొక దేశమునకు తెలియదేమో. 1871లో పుట్టిన నేరజాతుల చట్టము మనుష్యులను కాదు, కులములనే నేరము క్రింద వ్రాసినది. దానిని బట్టి బాపట్ల దాపున స్టూవర్టుపురమను సెటిల్‌మెంటును నెలకొల్పి, ఎఱుకలవారిని తెచ్చి, సాల్వేషన్ ఆర్మీవారి చేతి క్రింద నుంచిరి. హాజరు వేయించుకొనవలెను, అనుమతి చీటి లేనిదే పొలిమేర దాటరాదు. గోడలు లేవు గాన అదియు చెఱసాల కాదనియే చెప్పిరి. 1952లో ఆ చట్టము దేశమంతట రద్దైనది. ఊరిపేరుమీది మచ్చ మాత్రము రద్దు కాలేదు; అచట పుట్టిన పసివానిని గూడ ఆ పేరు వెంటాడినది. 1970ల దశకమున విజయవాడ నాస్తికకేంద్రమునకు చెందిన లవణముగారును, ఆయన భార్యయు జాషువ మహాకవి కుమార్తెయు నగు హేమలతగారును అచటికి పోయి, ఇండ్లలో కూర్చుండి, నేరము విడువదలచినవారికి ప్రభుత్వమునకు నడుమ నిలిచి, సంస్కార్ అను సంస్థద్వారా ఏండ్ల తరబడి పనిచేసిరి. హాజరుపట్టీ తరములకొలది చేయలేని పనిని వారు మనుష్యులతో కూర్చుండి మొదలిడిరి.

ఇంకొక చిక్కు గలదు. మా వకీలు మిత్రుడు చూపినది. 1958 చట్టమున మందలించి గాని, సత్ప్రవర్తన పూచీమీద గాని విడువబడినవానికి, శిక్షితుడైనందువలన కలుగు అనర్హత లంటవని పండ్రెండవ విభాగము కాపుదల యిచ్చుచున్నది. ఆ మాట ఆ రెండువిధములుగ విడువబడినవారిని గూర్చియే వ్రాసినది. సమాజసేవ యను శిక్షను పొందినవానికి అట్టి కాపుదలను న్యాయ సంహిత స్పష్టముగ నీయలేదు. దయతో వేసిన తేలికశిక్ష యనుకొన్నది, మందలించి పంపుటకంటె బరువై కూర్చున్నది. శాసనసభలలో కూర్చున్నవారు దీనిని చక్కదిద్దవలెను. సమాజసేవ శిక్ష వేయు ప్రతి న్యాయస్థానమునకును, ఆ శిక్ష ముగియువఱకు తోడుండు ప్రొబేషను అధికారి యొకరు చేతిక్రింద నుండవలెను; ఒక్కరికి జిల్లా యంతయు నప్పగించి తోడుండుమనుట హాస్యము. శిక్ష పొందువానిని ఫోనులో బంధించి ఊరేగించుట నేరము కావలెను. అది శిక్షలో భాగమని న్యాయాధిపతి వ్రాయలేదు, మనము కలుపుకొన్నది.

మేము చేయవలసినదానికి చట్టము అక్కఱలేకపోయినది. ఒక యుదయమున 9,200 రూపాయలు కవరులో పెట్టుకొని ఆ యింటికి పోయితిమి. అతడు ఆసుపత్రికి పోయియుండెను. తల్లి తలుపుకడ నిలిచి, నోట్లు రెండుసార్లు లెక్కించి, కొంగున ముడివేసికొనెను. మే మేమో చెప్పబోయితిమి. ఆమె మమ్ము నిదానముగ చూచి, "గోడ సక్కగైందా సారు?" అనెను. గోడ యింకను వంగియే యున్నది. మేము తలయూచి వచ్చితిమి.

అతనికి మా తోటలో పని యిత్తుమని అధికారిణితో చెప్పి పంపితిమి. వద్దనెనట. మాకు కొంత యవమానముగను, మఱికొంత తేలికగను నుండెను. శిక్ష ముగిసిన పదిదినములకు, రహదారి ప్రక్క నొక మొక్కల నర్సరీలో ఆమె యతనికి పని కుదుర్చబోవుచున్నదని తెలిసెను. ఆ సాయంకాలము అతడే మా గేటుకడకు వచ్చెను. లోపలికి రమ్మన్నను రాలేదు. "నర్సరీ సేటు మీకు ఫోను చేస్తడట సారు. ఉన్నది ఉన్నట్టు చెప్పుండ్రి. తర్వాత తెలిస్తే తీసేస్తడు" అని చెప్పి పోయెను.

మఱునాడు ఫోను వచ్చినది. అతడు పనిలో నెట్టివాడని ఆయన యడిగెను. మంచి పనివాడంటిమి. వేళకు వచ్చునా యని యడిగెను. వచ్చునంటిమి.

"చేతివాట మేమన్న ఉన్నదా?"

"మా యొద్ద ఒకసారి రాగితీగ తీసెను" అని చెప్పితిమి. "దానికి వేసిన శిక్ష పూర్తిగ ననుభవించెను. అంతకుముందు మేము అతని కూలి 9,200 రూపాయలు ఎగవేసియుంటిమి. ఈమధ్యనే ఇచ్చితిమి."

అవతల కొంతసేపు మాట లేదు. రహదారిమీది లారీల చప్పుడు మాత్రము వినవచ్చుచుండెను.

"మరి కూలి నెలకియ్యాల్నా, వారానికియ్యాల్నా?" అని తుదకు ఆయన యడిగెను.

"ఏ పూటది ఆ పూట" అంటిమి.